కొండగోగు రాలిన ఆదివారం

శ్రీహరిరావు ఫోటోలు తీస్తాడన్న సంగతి హరిబౌలి సందులో అందరికీ తెలుసు. ఏం ఫోటోలని అడిగితే మాత్రం ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. పెళ్ళికి పిలిస్తే తియ్యడు, బారసాలకి పిలిస్తే తియ్యడు, పక్కింటి పిల్లాడు కొత్త సైకిలెక్కి ఒక్క ఫోటో అంకుల్ అని వెంటపడ్డా తియ్యడు. మనుషుల్ని తియ్యడు మహానుభావుడు! ఏటా చలి తగ్గి, ఎండలింకా ముదరని ఆ నాలుగు వారాలూ, ఉగాది దాకా, ఆదివారం వస్తే చాలు కెమెరా సంచీ భుజాన వేసుకుని అనంతగిరి అడవికి పోతాడు. అక్కడ చెట్ల మీదా పొదల్లోనూ పూసిన పూలని ఫిల్ము మీదికి ఎక్కించుకుని వస్తాడు. నిజం పువ్వు ఒక్కటి కూడా తుంపడు, పెళ్ళాం జడలోకి అడిగినా సరే.

ఆ పెళ్ళాం పేరు మైథిలి. కథ ఆమెది కాబట్టి ఆమె సంగతి కాస్త వివరంగానే చెప్పుకోవాలి.

ఇద్దరిదీ తెనాలి వైపు. పెళ్ళయి హైదరాబాదు వచ్చేటప్పటికే శ్రీహరిరావుకి కంచన్‌బాగ్‌లో, రక్షణ శాఖ వారి ప్రయోగశాలలో ఉద్యోగం. అక్కడేం చేస్తాడో ఇంట్లో చెప్పకూడదు, అది ప్రభుత్వం వారి రూలు. సరే, ఒప్పుకుందాం. కానీ పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పకూడదని ఏ ప్రభుత్వమూ రూలు పెట్టలేదు కదా. అదీ చెప్పడు. పొద్దున ఆఫీసు బస్సెక్కుతాడు, సాయంత్రం దిగుతాడు, కాఫీ తాగి పేపరు చదివి వార్తలు విని పడుకుంటాడు. తిట్టడు, తాగడు, పరాయి గడప తొక్కడు. ఇలాంటి మొగుడి మీద ఎవరికని చెప్పుకోవడం? ఒకసారి పుట్టింటికి వెళ్ళినప్పుడు మైథిలి వాళ్ళమ్మ దగ్గర కాస్త కదిపి చూసింది. బంగారం లాంటి మనిషి, నీకే తిన్నదరక్క, అని ఆవిడ కసిరేసింది. మైథిలి మరి నోరెత్తలేదు.

వాళ్ళుండేది ఆ హరిబౌలి సందులోనే, వెంకటనారాయణ గారి మేడ మీద వాటాలో. వెంకటనారాయణది తాతల నాటి గాజుల వ్యాపారం. దుకాణం చార్మినారు పక్కన, గోడౌను ఇంటి కింది గదుల్లో. తెల్లారింది మొదలు పెట్టెలు దించడం, డజన్లు కట్టడం, ఉర్దూలో బేరాలు, తెలుగులో కేకలు. ఇంత గోల మధ్యా మైథిలి మేడ మీద ఒక్కతే కూర్చుని బియ్యం ఏరుకునేది. కొడుకు శ్రీవత్స వరంగల్లులో ఇంజనీరింగు హాస్టల్లో చేరాక, అమ్మా అని పిలిచే ఆ ఒక్క గొంతూ లేకుండా పోయింది. కొన్ని రోజులు సాయంత్రమయ్యేదాకా ఆమె మాట ఆమెకే వినిపించేది కాదు. పాలవాడొస్తే కావాలని రెండు మాటలు ఎక్కువ మాట్లాడేది. అతను మెట్లు దిగి వెళ్ళాక తనకే సిగ్గేసేది.

ఏడాది మొత్తమ్మీద ఆ పూల ఆదివారాలే ఆమెకి పండగ. ఎందుకంటే అతను ఆమెని వెంట తీసుకెళ్ళేవాడు. ప్రేమ కారిపోయి కాదులెండి, అవసరం. అడవిపూలని ఫోటో తియ్యడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. కాడ సన్నగా ఉంటుంది, కాస్త గాలి వీస్తే చాలు, ఊగిపోతుంది, బొమ్మ చెదిరిపోతుంది. అందుకని మైథిలి గాలి వచ్చే వైపు గొంతుక్కూర్చుని, పైట చెంగు రెండు చేతులా చాపి పువ్వు వెనకాల తెరలాగా పట్టుకోవాలి. ఎండ సూటిగా పడితే గొడుగు పట్టాలి. ఊపిరైనా మెల్లగా తియ్యాలి. అతను నేల మీద బోర్లా పడుకుని, కెమెరా కంటికి ఆనించుకుని, గాలి ఆగేదాకా అలాగే ఉండిపోతాడు. కెమెరాకీ పువ్వుకీ మధ్య జానెడు, పువ్వుకీ ఆమెకీ మధ్య మూరెడు. ఇరవై ఏళ్ళ పైగా అతని చూపు ఆ పువ్వు దగ్గరే ఆగిపోయేది. అయినా ఆమెకి అది చాలా ఇష్టంగా ఉండేది. ఆ కాసేపూ ఆమె లేకపోతే అతనికి జరగదు కదా.

కెమెరాలో రోలు ఎక్కించడం కూడా ఆమె పనే. కుట్టుమిషను సూదిలో దారం ఎక్కించే చెయ్యి కదా అని పెళ్ళయిన కొత్తలోనే అప్పజెప్పేశాడు. వెనక మూత తెరిచి, రోలు ఎడమ పక్క గూట్లో కూర్చోబెట్టి, బయటికి వేళ్ళాడే ఫిల్ము నాలుకని కుడి పక్క ఇరుసు సందులో దూర్చాలి. తరవాత లివరు రెండుసార్లు తిప్పి చూడాలి. ఫిల్ము సరిగ్గా పట్టుకుందంటే, లివరు తిప్పినప్పుడల్లా కెమెరా నెత్తి మీద ఎడమ వైపుండే చిన్న చక్రం దానంతటదే తిరుగుతుంది. చక్రం తిరగలేదంటే నాలుక జారిపోయిందన్నమాట. ఇక ఎన్ని నొక్కినా లోపల ఫిల్ము కదలదు, ఒక్క బొమ్మా పడదు. ఇన్నేళ్ళలో ఆమె ఎక్కించిన రోలు ఒక్కటీ జారలేదు. ఆ సంగతి అతనెప్పుడూ మెచ్చుకున్న పాపాన పోలేదు.

తొంభై ఎనిమిదిలో, మాఘమాసంలో, వెంకటనారాయణ కూతురు స్రవ్య పెళ్ళయింది. మైథిలి వారం రోజులు ఆ ఇంటి మనిషిలాగే చాకిరీ చేసింది. పసుపు దంచింది, పెళ్ళికూతురికి జడ వేసింది, వచ్చినవాళ్ళకి కాఫీలందించింది. ఆల్బమ్ వచ్చిన రోజున వెంకటనారాయణ భార్య వరమ్మ ఆమెని కిందికి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కో పేజీ తిప్పుతూ వియ్యాలవారినందర్నీ పేరు పేరునా చూపించింది. మైథిలి మాత్రం తనని వెతుక్కుంటోంది. ఆఖరి పేజీల్లో ఒక్కచోట దొరికింది. మండపం స్తంభం వెనక సగం ఒళ్ళు, చేతిలో పళ్ళెం, మొహానికి అడ్డంగా ఎవరిదో భుజం. వరమ్మ కూడా చూసింది. ఆవిడ మంచి మనిషి, నొచ్చుకుంది.

“ఏంది మైథిలక్కా, గిట్ల పడ్డవు?” అంది. “గీ ఫోటోవాడు సక్కగ తియ్యనే లేదు. గాని నీకేం ఫికరు తియ్యి, మీ సారు దగ్గర గంత పెద్ద కెమెరా ఉండె. నీ ఫోటోలు ఇంట్ల మస్తుంటయి.”

మైథిలి అవునవునని నవ్వి మెట్లెక్కి పైకొచ్చింది. వచ్చి, బీరువా పైన వరసగా పేర్చిన ఆల్బములన్నీ దించి నేల మీద పరుచుకుంది. మోదుగలు, కొండగోగులు, ముళ్ళపొదల్లో తెల్లపూలు, గడ్డిలో పేరు తెలియని నీలిపూలు. ఎంత అందంగా ఉన్నాయో, అతని చేతికి దణ్ణం పెట్టాలి. ప్రతి పువ్వు వెనకాలా మసగ్గా ఒక రంగు. ఈ నీలం ఆమె గద్వాల చీర. ఈ ఆకుపచ్చ అన్నయ్య పెట్టిన పండగ చీర, ఎప్పుడో చిరిగి మసిగుడ్డలైపోయింది. చీరలన్నీ ఉన్నాయి, ఆమె లేదు. శ్రీవత్స పసివాడుగా ఉన్నప్పుడు తీసినవి ఓ నాలుగున్నాయి, అది కూడా వాళ్ళ నాయనమ్మ పోరితే తీసినవి. వాటిల్లో పిల్లాడున్నాడు, పిల్లాణ్ణెత్తుకున్న రెండు చేతులున్నాయి. చేతుల పైన మనిషి లేదు. వరమ్మ మస్తుంటయన్న ఫోటోలు ఇవీ.

అప్పుడు ఆమెకి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. నలభై నాలుగేళ్ళు దాటుతున్నాయి. ఈ మొహం ఇలా ఉండగా ఒక్కసారైనా ఈ మనిషి చూడాలి, చూసి ఒక్క ఫోటో తియ్యాలి, ఆ ఫోటో తన చేతికి రావాలి. నోరు తెరిచి అడిగేస్తానని నిశ్చయించుకుంది. అడగడానికేముంది, నన్నొక ఫోటో తియ్యండి అంటే సరిపోతుంది. ఆ ఒక్క మాటకీ ఆమె ఎన్ని రోజులు తంటాలు పడిందో ఆ దేవుడికే తెలియాలి. కాఫీ ఇస్తూ అడుగుదామనుకుంటే అతను పేపరు ముందేసుకునేవాడు. పడుకునేముందు అడుగుదామనుకుంటే అటు తిరిగి గురక పెట్టేవాడు. చివరికి, అడవిలో అయితే కెమెరా చేతిలోనే ఉంటుంది కదా, అక్కడే అడగాలని తేల్చుకుంది.

ఆ ఏడు అనంతగిరిలో కొండగోగు విరగబూసింది. ఒక్క ఆకు లేకుండా మోడులాంటి చెట్టుకి అరచేతులంత పసుపుపచ్చ పూలు. ముందటి ఆదివారం దూరం నుంచి చూసి వచ్చారు, అప్పటికి సగం మొగ్గలే. ఈ ఆదివారం దాని కోసమే వెళ్ళాలి. శ్రీహరిరావు రెండు మూడు రోజులుగా ఆకాశం వైపు చూస్తూనే ఉన్నాడు. శనివారం సాయంత్రం ఊరి మీద నాలుగు చినుకులు పడి ఆగిపోయాయి. అక్కడెలా ఉందోనని గొణుక్కున్నాడు, అంతే.

ఆదివారం తెల్లవారుజామునే మైథిలి తలంటుకుంది. పెట్టె అడుగు నుంచి వంగపండు రంగు వెంకటగిరి చీర తీసింది. అడవికి అంత మంచి చీర ఎందుకని అతను అడుగుతాడేమో, అడిగితే అదే సందని చెప్పేద్దామనుకుంది. అడగలేదు. బొట్టు దిద్దుకుంటూ, మాట కూడబలుక్కుంటూ, మధ్యలో కెమెరా ఒళ్ళో పెట్టుకుని రోలు ఎక్కించింది. చక్రం చూసిందా అంటే చూసినట్టే ఉంది. ఆమె మనసు అక్కడ లేదు.

చార్మినారు దగ్గర ఇంకా దుకాణాలు తెరవలేదు. ఆటోలో నయాపూల్ దాటి బస్టాండుకెళ్ళి, వికారాబాదు బస్సెక్కి, అక్కణ్ణుంచి అనంతగిరి గుట్ట దగ్గర దిగారు. దారంతా అతను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ఆమె ఒళ్ళో టిఫిన్ డబ్బా పట్టుకుని, పెదాలు కదపకుండా ఆ ఒక్క మాటే పది రకాలుగా అనుకుంటూ కూర్చుంది.

అడవిలోకి కాస్త దూరం నడిచేసరికే సంగతి అర్థమైంది. రాత్రి ఇక్కడ వడగళ్ళు కొట్టాయి. మోదుగపూలు బురదలో తొక్కిపారేసినట్టు పడున్నాయి. కొండగోగు దగ్గరికి వెళ్ళేసరికి చెట్టుకి ఒక్క పువ్వు లేదు. కింద నేలంతా పసుపు, రేకులన్నీ చిల్లులు పడి, అంచులు నల్లబడి. శ్రీహరిరావు కెమెరా మెడలో వేసుకుని అలాగే నిలబడిపోయాడు. తరవాత ఓ బండ మీద కూలబడ్డాడు. అయ్యో అనలేదు, ఛ అనలేదు. కానీ ఏడాదంతా ఎదురుచూసింది పోయిందని ఆ భుజాలు చూస్తేనే తెలుస్తోంది. ఆమెకి జాలేసింది. జాలితో పాటే, ఇప్పుడడక్కపోతే ఇంకెప్పుడూ అడగలేనని కూడా అనిపించింది.

“ఏమండీ,” అంది. “నన్ను తియ్యండి.”

అతను తలెత్తి, ఏమిటన్నట్టు చూశాడు. ఆమె మళ్ళీ అనలేకపోయింది. అతను చెట్టు వైపు చూశాడు, నేల మీద పూల వైపు చూశాడు, లేచాడు.

“అక్కడ నిలబడు,” అన్నాడు.

ఆమె రాలిన పూల మధ్యన, చెట్టు బోదెకి చెయ్యి ఆనించి నిలబడింది. అతను నాలుగడుగులు వెనక్కి వేసి, కెమెరా కంటికి ఆనించాడు. టక్కుమంది. లివరు తిప్పాడు. మళ్ళీ టక్కుమంది. ఒకటి తీసి కట్టిపెడతాడనుకున్న మనిషి మూడోది కూడా తియ్యబోతున్నాడు. గడ్డం కాస్త ఎత్తమన్నాడు. ఎత్తింది. అలా ఎత్తి, కెమెరా వైపు చూసిన ఆమె చూపు, అలవాటు కొద్దీ నెత్తి మీది చిన్న చక్రం మీద పడింది.

అతను లివరు తిప్పాడు. చక్రం తిరగలేదు.

ఆమె మళ్ళీ చూసింది. లివరు తిరుగుతోంది, చక్రం కొయ్యలాగా ఉంది. నాలుక జారిపోయింది. ఇన్నేళ్ళలో జారనిది ఇవాళ జారింది, తన చేతిలోనే! పొద్దున బొట్టు దిద్దుకుంటూ, మాటలు కూడబలుక్కుంటూ, తన ఫోటోకి తనే అడ్డుపడింది. ఆగండి అనబోయి నోరు తెరిచింది.

అప్పుడే అతను కెమెరా కొంచెం దించి, ఆమె మొహంలోకి మామూలు కళ్ళతో చూశాడు.

“నీ ఎడమ కనుబొమ మీద ఆ మచ్చ ఎప్పటిది?”

ఆమె తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. చిన్నప్పుడు బావి గట్టు మీంచి పడ్డానని చెప్పింది. అతను ఊఁ అని, మళ్ళీ కెమెరా ఎత్తి, ఆ మచ్చ వైపు నుంచి ఒకటి తీశాడు. ఆమెకి అంతా ఒక్కసారి తెలిసిపోయింది. ఇప్పుడు చెబితే అతను దగ్గరికొస్తాడు. మూత తెరుస్తాడు. రోలు సరిచేసి, ఒకటో రెండో తీసి, చాలుగా అంటాడు. చెప్పకపోతే ఫోటో ఉండదు. ఫోటో కోసమేగా ఇన్నాళ్ళూ కుమిలిపోయింది? కానీ ఆ చూపు ఎదురుగా ఉంది. పువ్వు మీద ఆగే ఆ చూపు, గాలి ఆగేదాకా కదలని ఆ చూపు, ఇవాళ తన మీదికి వచ్చి ఆగింది. దాన్ని పోగొట్టుకోవడానికి ఆమెకి చేతులు రాలేదు. నోరు మూసుకుని, గడ్డం ఎత్తుకుని నిలబడింది.

ఇటు తిరగమన్నాడు. కూర్చోమన్నాడు. కొంగు భుజం మీద వదులుగా వెయ్యమన్నాడు. నవ్వక్కర్లేదు, ఊరికే చూడు చాలన్నాడు. బండ మీద ఒకటి, వేళ్ళాడే కొమ్మ పక్కన ఒకటి, బురదలో మోకాళ్ళ మీద కూర్చుని కింద నుంచి ఒకటి. ఇంట్లో ఏడాదిలో అనే మాటలన్నీ ఆ పూటే అన్నాడు. చెట్టు నీడ ఆమె మీంచి జరిగి పక్కకి పోయింది, అయినా అతను ఆపలేదు. మైథిలికి ఒంటి మీద స్పృహ లేదు. చక్రం తిరగడం లేదని తెలుసు, ఒక్కటీ మిగలదని తెలుసు, తెలిసి కూడా పెళ్ళినాటికంటే ఎక్కువ సిగ్గుపడుతూ, ఎక్కువ ఆనందపడుతూ కూర్చుంది.

తిరుగు బస్సులో మాత్రం దిగులు పట్టుకుంది. రేపు చెప్పాలి. రోలు కడిగించే పని కూడా ఆమెదే. చార్మినారు వెనక సందులో బాలనర్సింహ స్టూడియోలో ఇచ్చి రావాలి. ఏమిచ్చి వస్తుంది? ఇంటికి రాగానే అతను స్నానానికి వెళ్ళినప్పుడు మూత తెరిచి చూసింది. రోలు ముట్టుకోనట్టే ఉంది. నాలుక బయటికి చాపుకుని వెక్కిరిస్తోంది. మళ్ళీ మూసేసి, పొద్దున్నే అన్నీ ఒప్పేసుకోవాలని పడుకుంది. అతనంత ఇష్టంగా తీసినవన్నీ పోయాయని ఏ నోటితో చెప్పాలో తెలియలేదు.

పొద్దున అతను బూట్లు తొడుక్కుంటూంటే ఎదురుగా వచ్చి నిలబడింది. ఆమె నోరు విప్పకముందే, లేసులు కట్టుకుంటూ, తలెత్తకుండా అతనే అన్నాడు.

“నిన్నటి రోలు అలాగే ఉందిగా. వచ్చే ఆదివారం పనికొస్తుంది, ఉంచు.”

అని ఆఫీసు బస్సుకి వెళ్ళిపోయాడు.

మైథిలి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. అయితే అతనికి తెలుసు. తెలియకపోవడమేమిటి, తన పిచ్చి గానీ! లోపల ఫిల్ము పట్టుకుని ఉంటే లివరు బరువుగా తిరుగుతుంది, పట్టుకోకపోతే తేలిపోతుంది. ముప్పయ్యారు బొమ్మలవగానే ఫిల్ము అయిపోయి లివరు బిగుసుకుపోతుంది. నిన్న అతను ముప్పయ్యారు దాటి ఎంత దూరం పోయాడో, లివరు తిరుగుతూనే ఉంది. ఆ మాత్రం తెలియకుండా పోవడానికి అది మొద్దు చెయ్యి కాదు. తెలుసు, తెలిసే నొక్కాడు. అడిగింది కదా పాపం, ఉత్త కెమెరా టకటకలాడిస్తే సరిపోతుంది, ఫిల్ము పూలకి మిగులుతుంది అనుకున్నాడన్నమాట. పసిపిల్ల మారాం చేస్తే ఖాళీ గిన్నెలోంచి ఉత్తుత్తి పప్పు కలిపి తినిపిస్తారే, అలాగ.

ఆ పూట ఆమె వంట చెయ్యలేదు. నిన్నటి ఆ పూటంతా తలుచుకుంటే అవమానంగా ఉంది. గడ్డమెత్తుకుని, కొంగు సర్దుకుని, ముస్తాబై తను కూర్చోవడమూ, అతను ఉత్త కెమెరా నొక్కడమూ! మచ్చ సంగతి కూడా ఊరికే ఊసుపోక అడిగి ఉంటాడు. ఫోటో పోతే పోయింది, ఆ చూపు తనదనుకుంది. అదీ కాకుండా పోయింది. కూరగాయలకని బయటికి వెళ్తే స్టూడియో గుమ్మంలోంచి బాలనర్సింహ, ఈ వారం పూల రోలు లేదా మేడమ్ అని అడిగాడు. లేదని చెప్పి తలదించుకుని వచ్చేసింది.

వారమంతా ఆ ఇంట్లో ఎప్పుడూ ఉండే మౌనమే ఉంది. ఇదివరకు అది అతనొక్కడిది, ఇప్పుడు ఆమెది కూడా కలిసింది. అతనికి తేడా తెలిసిందో లేదో ఆమెకి తెలియదు. మాట్లాడకపోవడం కూడా ఎవరైనా గమనించేవాళ్ళుంటేనే కదా కోపమవుతుంది. మధ్యాహ్నాలు మేడ మీద కూర్చుంటే కింద గాజులు డజన్లు కట్టే ఆడవాళ్ళ నవ్వులు వినిపించేవి. దిగి వెళ్ళి వాళ్ళలో కూర్చుందామనిపించేది. ఏమని చెప్పుకుంటుంది, మా ఆయన నన్ను బోలెడు ఫోటోలు తీశాడు, ఒక్కటీ లేదు అనా?

ఆదివారం పొద్దున్నే అదే రోలు ఎక్కించింది. ఈసారి చక్రం తిరిగేదాకా కళ్ళార్పకుండా చూసింది. కెమెరా అతని చేతికిచ్చి, తను రావడం లేదని, మోకాళ్ళు నొప్పులని చెప్పింది. అతను చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. చివరికి గొడుగు తను తీసుకుని ఒక్కడే మెట్లు దిగి వెళ్ళాడు.

చీకటి పడితే గానీ రానివాడు ఎండ ఉండగానే తిరిగొచ్చాడు. మోచేతులకి మట్టి, చొక్కాకి గడ్డి ముళ్ళు. కెమెరా బల్ల మీద పెట్టి కుర్చీలో కూర్చున్నాడు. మైథిలి మంచినీళ్ళిస్తూ కెమెరా వైపు చూసింది. ఎన్ని బొమ్మలు తీశారో చూపించే అంకె మొదట్లోనే ఉంది. ఒక్కటి కూడా తీసినట్టు లేదు.

“గాలి ఆగలేదు,” అన్నాడతను.

ఆగదు మరి, అడ్డం కూర్చునే మనిషి లేకపోతే ఎలా ఆగుతుంది? ఆమెకి వారం రోజులుగా లోపల కుక్కుకున్నదంతా ఒక్కసారి పైకొచ్చింది. ఇక దాచుకోదలుచుకోలేదు. గ్లాసు కింద పెట్టి అడిగేసింది.

“పోయినవారం రోలు పట్టుకోలేదని మీకు తెలుసుగా. తెలిసి ఎందుకు నొక్కారు? నా మీద ఫిల్ము దండగనా?”

అతను చొక్కాకి అంటుకున్న గడ్డి ముళ్ళు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెడుతున్నాడు. ఇదీ ఇంతే, దీనికీ జవాబు రాదనుకుని ఆమె లోపలికి వెళ్ళబోయింది.

“రెండో దానికే తెలిసింది,” అన్నాడు. “చెబుదామనే అనుకున్నాను.”

ఆమె ఆగింది. అతను ఆమె వైపు చూడడం లేదు. బల్ల మీది కెమెరానే చూస్తూ, దానితో చెబుతున్నట్టు చెప్పాడు.

“ఫిల్ము ఉంటే ముప్పయ్యారుకి ఆపెయ్యాలి కదా, మైథిలీ.”

కింద ఎవరో గాజుల పెట్టె దించుతున్నారు. మైథిలికి కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. అతనింకా కెమెరా వైపే చూస్తున్నాడు. మొహం ఎర్రబడింది, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద రుద్దుకుంటున్నాడు. తల తిప్పి ఆమె మొహంలోకి చూడడం అతని వల్ల కావడం లేదు. చూడాలని లేక కాదు, అతనికి చేత కాదు. ఇన్నేళ్ళకి ఆమెకి ఆ సంగతి తెలిసింది.

ఆమె కళ్ళు తుడుచుకుని బల్ల దగ్గరికెళ్ళింది. కెమెరా వెనక మూత తెరిచి, రోలు తీసి పక్కన పెట్టేసింది. ఖాళీ కెమెరా అతని చేతుల్లో పెట్టి, కిటికీ దగ్గరికి వెళ్ళి, అతని వైపు తిరిగి నిలబడింది.